పాత ఆర్8, పాత 911, పాత కేమన్: ఓరుగల్లుల నడపాలంటే ఏ గేర్‌బాక్స్ తీసుకోవాలె?

వడ్డేపల్లి_వాడు
ఇరవై ఏండ్లు కాంట్రాక్టు పనులకు టిప్పర్లు, జేసీబీలు కొన్న. ఈసారి నా కోసం ఒక్క బండి కొనుక్కుందామనుకుంటున్న. కొత్తది నా వల్ల గాదు, పాతదే. మూడు చూసి పెట్టుకున్న.

హైదరాబాద్‌ల 2010 ఆడీ ఆర్8 వీ8, ఆర్ ట్రానిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. ఢిల్లీల 2011 పోర్షె 911 కరెరా, పీడీకే (పోర్షె ఆటోమేటిక్), 46 వేలు. బెంగళూరుల 2012 పోర్షె కేమన్ ఎస్, మాన్యువల్, 41 వేలు. ఆర్8కు జర ఎక్కువ చెప్తున్రు, మిగిలిన రెండు దగ్గర దగ్గర.

నా తండ్లాటంత గేర్‌బాక్స్ కాడనే. మా బాపు హన్మకొండ డిపోల ఆర్టీసీ డ్రైవర్. చిన్నప్పుడు ఆయన పక్కన ఇంజన్ డబ్బా మీద కూసోని, గేర్ ఏసే చెయ్యినే చూసుకుంట పరకాల దాక పోయేటోన్ని. మాన్యువల్ అంటే నాకు గదే యాదికొస్తది. కానీ నేను తిరిగేది ఎక్కడ? హన్మకొండ చౌరస్తా, నక్కలగుట్ట, కాజీపేట. ఆదివారం పొద్దుగాల ములుగు రోడ్డు, రామప్ప దాక. మా ఇంటామె కూడ నడుపుత అంటున్నది, ఆమెకు ఆటోమేటిక్కే అలవాటు. అమ్మేటోళ్లను అడిగితే ఎవరి బండి వాళ్లకు బంగారం. నడిపినోళ్లు చెప్పున్రి.

గ్రానైట్_గల్లీ
911. ఇంకో ముచ్చటే లేదు.

మూడో_గేర్
బాపు ముచ్చట చెప్పినంక ఇంకా అడుగుడేంది అన్నా? కేమనే.

నిట్_మెకానికల్
కాస్త ఆగండి. ఆర్8, 911 రెంటినీ "ఆటోమేటిక్" అని ఒకే గాటన కట్టేస్తే మోసపోతారు. లోపల ఉన్నవి పూర్తిగా వేరు యంత్రాలు.

ఆర్8లో ఉన్నది నిజానికి ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ ఒక్కటే. మీ ఎడమకాలు చేసే పని, గేరు వేసే చేతి పని రెండూ హైడ్రాలిక్ పంపు ఒత్తిడితో జరిగిపోతాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీ ఎవరైనా నడిపి ఉంటే, సూత్రం అదే. గేరు మారేటప్పుడు ఒక క్షణం బండి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది, తల ముందుకు ఊగుతుంది. 1989లో ఫెరారీ తన 640 రేసు కారులో స్టీరింగ్ వెనక మీటలు పెట్టి ఫార్ములా వన్‌లో తొలి పందెమే గెలిచింది. 1997లో అదే ఆలోచనను 355 అనే కారు మీద రోడ్డుకు తెచ్చింది. గల్లార్డోలో లంబోర్గిని దాన్నే ఈ-గేర్ అంది. కాబట్టి ఆర్ ట్రానిక్ ఆ తరం సరుకు. ఆడీ కూడా తర్వాత ఆర్8లో దాన్ని తీసేసి రెండు క్లచ్‌ల ఎస్ ట్రానిక్ పెట్టింది.

911లో ఉన్న పీడీకేకి క్లచ్‌లు రెండు. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. మీరు మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా పడి ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, ఇంకొకటి పట్టడం ఏకకాలంలో జరుగుతాయి. క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి కనుక నెమ్మది ట్రాఫిక్‌లో వేడిని కొంత తట్టుకుంటాయి. పోర్షె దీన్ని 1980లలోనే 956, 962 రేసు కార్ల మీద పరీక్షించింది. 911లోకి మాత్రం 2008లో వచ్చింది, 997 అనే తరం 911 రెండో విడతతో. మీరు చూసినది ఆ విడత బండే. ఏడు గేర్లలో ఏడోది పెట్రోలు ఆదా కోసం, గరిష్ఠ వేగం ఆరులోనే అందుతుంది.

వారంలో నాలుగు రోజులు ఊళ్లో నడిపేట్టయితే పీడీకే. ఆదివారం మాత్రమే తీస్తానంటే మాన్యువల్. ఒంటి క్లచ్ ఆటోమేటిక్‌ని మన చౌరస్తాలు తినేస్తాయి.

గ్రానైట్_గల్లీ
నేను ఒక్క ముక్కల చెప్పింది సారు మస్తు విడమర్చి చెప్పిండు 🙂

బెజవాడ_బాబాయి
నిట్ మాస్టారూ, చివరి మాట ఒప్పుకోనండి. ఆరేళ్లు ఒంటి క్లచ్ ఇటాలియన్ బండి నడిపాను, బెంజ్ సర్కిల్ మీదుగా. క్లచ్ మార్చలేదు. నడపడం తెలియాలంతే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్. ముందు బండి రెండు మీటర్లు కదిలిందని మీరూ కదలకూడదు, చోటు ఏర్పడ్డాకే ఒక్కసారిగా కదలాలి. పైగేరుకు మీట లాగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఓ వెంట్రుకవాసి తేలిక చెయ్యాలి, అప్పుడు తల ఊగదు. ఆటోమేటిక్ మోడ్‌లో వదిలేసి ఫోను మాట్లాడుకునేవాళ్లే క్లచ్‌లు కాల్చేది.

ఒక్కటి మాత్రం నిజం. ఎత్తు మీదికి రివర్స్ దానికి పరమ శత్రువు. మా అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద వెనక్కి ఎక్కించబోయి ఒకసారి పొగ చూశాను. ఆ రోజు నుంచి ముందుకే ఎక్కేలా దిగేటప్పుడే వెనక్కి దిగేవాణ్ని.

మూడో_గేర్
గంత తిప్పలు పడి ఆటోమేటిక్ ఎందుకు బాబాయ్, మాన్యువలే నడుపకపోయినవా

బెజవాడ_బాబాయి
మోకాలండి. ఎడమది. సైకిల్ మీంచి పడి చిన్నప్పుడే పోయింది. మాన్యువల్ నాకు కుదరదు. అందుకే ఒంటి క్లచ్‌ని తీసిపారేస్తే ఊరుకోను 😀

స్పానర్_సత్తన్న
మాది పరకాల. హైదరాబాద్‌ల పదకొండేండ్ల సంది ఇసొంటి బండ్ల మీదనే పని. గేర్‌బాక్స్ ఏ రకం అని కాదు, ఆ బండిల ఉన్న ఆ గేర్‌బాక్స్ ఎట్లున్నది అని చూడున్రి. మూడింటికి మూడు తీర్ల చూడాలె.

ఆర్8: స్కానర్ పెట్టి క్లచ్ ఎంత అరిగిందో చదివించు. సంఖ్య కనబడతది. 38 వేలు తిరిగిన బండిల క్లచ్ ఒక్కపారి కూడ మార్చలే అంటే, ఇగ మార్చుడు నీ నెత్తిన పడ్డట్టే. గేర్‌బాక్స్ దించకుంట క్లచ్ రాదు. ఇంకోటి, పంపు. అది నూనెను ఒత్తి అక్యుములేటర్ల దాస్తది. బండి ఊకె నిలబడి ఉండంగ, గేర్ ఏం మార్చకుంటనే పంపు మాటిమాటికి గుర్రుమంటుందంటే అక్యుములేటర్ అయిపోయినట్టు. దాన్ని గట్లనే వదిలేస్తే పంపు మోటరు కాలతది. చల్లగున్నప్పుడు ఒకపారి, గంట సేపు నడిపినంక ఒకపారి విను.

911 పీడీకే: ఇంజన్ వేడెక్కినంక నడక వేగంల ఒకటి, రెండు, మళ్ల ఒకటి. గీక్కున్నట్టు, ఎవరో తన్నినట్టు ఉండొద్దు. రివర్స్ ఏసి ఎంతసేపటికి పట్టుకుంటదో చూడు. నూనె, ఫిల్టరు మార్చిన బిల్లు అడుగు, నోటిమాట ఒద్దు. పీడీకే మామూలుగ గట్టిది. కానీ లోపల ఒక్క సెన్సరు పోయినా శానేండ్లు కంపెనీ లోపలి సామాను విడిగ ఇయ్యలే, డబ్బా మొత్తం మార్చుమనేది. ఇప్పుడు బయట విప్పి బాగు చేసేటోళ్లున్నరు గని, అందరు కాదు.

కేమన్ మాన్యువల్: క్లచ్ చూసుడు ఎవరైనా చూస్తరు. నువ్వు అడగాల్సింది ఓవర్ రెవ్ చిట్టా, అంటే ఇంజన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో ఆ లెక్క. ఇంజన్ కంప్యూటర్ల ఆరు మెట్లు ఉంటయ్. ఒకటి, రెండు మెట్లల్ల వేల అంకెలున్నా భయం లేదు, గట్టిగ నడిపిండని అర్థం. నాలుగు, అయిదు, ఆరుల ఏమన్న ఉంటే ఎవడో అయిదో గేరు అనుకోని మూడుల ఏసిండు. అప్పుడు ఏ లిమిటరు ఆపలేదు, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయ్. అది ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచినంక అయిందో కూడ రాసి ఉంటది. నిన్న మొన్న అయితే బండి వదిలెయ్. అయినంక ఇంజన్ రెండు మూడు వందల గంటలు మంచిగ నడిచి ఉంటే ఆలోచించొచ్చు. పీడీకేల ఈ గొడవ తక్వ, తప్పు గేర్ అడిగితే అదే ఎయ్యది.

వడ్డేపల్లి_వాడు
సత్తన్నా, ఇది కాయితం మీద రాసుకున్న. ఓవర్ రెవ్ సంగతి నాకు ఇయ్యాల దాక తెల్వది.

గోదావరిఖని_గేర్
కేమన్ ఇంజన్ పేలిపోతది కదనే? ఐఎంఎస్ బేరింగ్ అని, ఇంజన్ లోపలి నడిమి షాఫ్టుది, ఎక్కడో చదివిన. దాన్ని ముట్టుకోకు అన్నా.

స్పానర్_సత్తన్న
@గోదావరిఖని_గేర్ అది పాత ఇంజన్ల సంగతి తమ్మీ. 996 తరం 911, మొదటి విడత 997, మొదటి విడత కేమన్, బాక్‌స్టర్. 2009 మోడల్ సంది ఇంజనే మార్చిన్రు, ఆ నడిమి షాఫ్టే లేదు. అన్న చూసిన కేమన్ ఎస్‌ల 3.4 లీటర్ల కొత్త ఇంజన్, 320 గుర్రాలు. గా భయం ఒద్దు. గదే 2006 కేమన్ అయితే నేనే ఒద్దందు.

గోదావరిఖని_గేర్
సరే, తప్పు ఒప్పుకుంటున్న. నా సొంతంగ తెలిసింది ఒకటి చెప్త. 911కు, కేమన్‌కు రేడియేటర్లు ముందు బంపర్ల రెండు దిక్కుల ఉంటయ్. గాలి పోయే సందుల్నుంచి ఆకులు, చెత్త అండ్లకే పోతది. మన దిక్కు ఏం పోతదో ఎరుకే కద. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయే బండ్లకెల్లి దూది రాలుతనే ఉంటది. కోతల కాలంల రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తరు, పొట్టు, దుమ్ము. మా బావ బండికి బంపర్ ఇప్పితే రెండు రేడియేటర్ల మీద దూది దుప్పటి కప్పినట్టున్నది. మే నెలల 45 డిగ్రీల ఎండల గట్ల నడిపితే గేర్‌బాక్స్ నూనె కూడ ఉడుకుతది. ఏ బండి కొన్నా ఏడాదికి ఒకపారి బంపర్ ఇప్పి కడిగియ్యి.

వడ్డేపల్లి_వాడు
ఇది ఏ కంపెనీ పుస్తకంల రాయరు. మంచిగ చెప్పినవ్ తమ్మీ.

సుబేదారి_డాక్టరమ్మ
రెండు క్లచ్‌ల బండి నాలుగేండ్ల నుంచి నడుపుతున్న, రోజూ ఎంజీఎం దవఖాన దాక. ఊర్ల ట్రాఫిక్‌ల అంత సుఖం ఇంకేదీ లేదు. కానీ ఒక్క మాట అడుగుత. మీ ఇంటామెకు ఆటోమేటిక్కే అలవాటని మీరే రాసిండ్రు. మాన్యువల్ నేర్చుకుంటవా అని ఆమెను అడిగిండ్రా? నేను ముప్పై ఎనిమిదేండ్లకు నేర్చుకున్న, పాత మారుతిల, ఆర్ట్స్ కాలేజీ దిక్కు పొద్దున్నే ఆరింటికి. పది రోజులు పట్టింది. ఆమె ఒద్దంటే పీడీకే కొనున్రి, అది ఆమె ఇష్టం. ఆమె తరఫున మీరు ఒద్దనకున్రి.

మూడో_గేర్
డాక్టరమ్మకు వంద లైకులు

వడ్డేపల్లి_వాడు
అడగలేదమ్మా. నిజమే. ఇయ్యాల రాత్రి అడుగుత.

కాగితాల_కాకా
అందరు గేర్ల కాడనే ఉన్నరు. ఆర్సీ ఎవ్వరు చూడరా? ముప్పై ఏండ్లు ఆర్టీఏ ఆఫీసు ముందట కూసున్న మనిషిని, ఇనున్రి.

ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు నిండుతది. 2010 ఆర్8కు నిండినట్టే. 2011 911కు 2026ల. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండిని చూపెట్టి, అయిదయిదు ఏండ్లకు రెన్యువల్ చేయించుకోవాలె. 2022 ఏప్రిల్‌ల మామూలు కారుకు ఫీజు 5,000 చేసిన్రు. దిగుమతి బండి అని రాసి ఉంటే 40,000 చేసిన్రు. ఆర్సీల ఏమున్నదో ముందుగాల చూడు.

ఢిల్లీ బండి చవకగ ఎందుకొస్తదో తెల్సా? 15 ఏండ్లు దాటిన పెట్రోల్ బండి ఆడ తిరగొద్దని 2014ల, పదేండ్లు దాటిన డీజిల్ బండి తిరగొద్దని 2015ల గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018ల సుప్రీంకోర్టు సమర్థించింది. గడువు దగ్గర పడ్డదంటే ఓనరు తొందరపడతడు. బండి మంచిదే కావచ్చు, కానీ ఎన్‌ఓసీ చేతికి రాకుంట పైసలు మొత్తం ఇయ్యకు.

ఇగ వేరే రాష్ట్రం బండి. ఫారం 28 మీద ఎన్‌ఓసీ, 29, 30 మీద పేరు మార్పు, బ్యాంకు లోను ఉండెనంటే ఫారం 35. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలు దాటి ఈడ ఉంచితే ఈడి నంబరు తీసుకోవాలె. అప్పుడు లైఫ్ ట్యాక్స్ మళ్ల కట్టాలె. నువ్వు కొన్న ధర మీద కాదు, కొత్తల బండి ధర ఎంతుండెనో దాని మీద, వయసు తగ్గింపు పోను. ఖరీదు బండికి శాతం కూడ పెద్దదే. అది లెక్కల ఏసుకోకుంట "దగ్గర దగ్గర ధర" అంటే ఎట్ల? హైదరాబాద్ ఆర్8కు ఆ ట్యాక్స్ లేదు. ఢిల్లీ, బెంగళూరు బండ్లకున్నది. ముందుగాల ఆ లెక్క తేల్చు.

గ్రానైట్_గల్లీ
కాకా చెప్పినంక నా 911 మాట వెనక్కి తీసుకుంటున్న. కనీసం ఢిల్లీది ఒద్దు.

జనగామ_టు_డల్లాస్
ఇక్కడి సంగతి ఒకటి చెప్తా. అమ్మేటప్పుడు మాన్యువల్‌కే గిరాకీ. ఫెరారీ ఎఫ్430, లంబోర్గిని గల్లార్డోలలో గేటు (గేరు కర్ర కదలడానికి గాళ్లు కోసిన లోహపు పలక) ఉన్న మాన్యువల్ దొరికితే ఒంటి క్లచ్ బండి కన్నా బాగా ఎక్కువ పెట్టి కొంటారు. కొత్తలో అందరూ మీటల బండ్లే కొన్నారు, మాన్యువల్ తక్కువ తయారైంది, అందుకే. ఫెరారీ 2009లో 458 తెచ్చినప్పుడు మాన్యువల్ పెట్టనే లేదు. పోర్షె కూడా 2013లో 911లోని జీటీ3 రకాన్ని పీడీకేతో మాత్రమే ఇచ్చింది. జనం ఊరుకోలేదు. 2016లో 911 ఆర్‌ని మాన్యువల్‌తో చేసింది, 991 బండ్లు. మరుసటేడు జీటీ3లో మాన్యువల్ తిరిగొచ్చింది.

నేను నా మాన్యువల్ అమ్మి రెండు క్లచ్‌లది తీసుకున్నాను. కొత్తది వేగం ఎక్కువ, తప్పు చెయ్యదు. కానీ పాతదాని తాళం చెవి రింగు ఇప్పటికీ డ్రాయర్‌లోనే ఉంది.

నిట్_మెకానికల్
అక్కడి గిరాకీ ఇక్కడికి అలాగే దిగదు సార్. మన దగ్గర ఇలాంటి బండి కొనేవాళ్లే తక్కువ, వాళ్లలో ఎక్కువమంది ఆటోమేటిక్ అడుగుతారు. మాన్యువల్ అమ్మాలంటే సరైన మనిషి కోసం నెలలు ఆగాలి. అమ్మకం ధర కోసం కాదు, నడపడం కోసం అయితేనే మాన్యువల్ కొనాలి.

జనగామ_టు_డల్లాస్
ఒప్పుకుంటా.

మూడో_గేర్
పెట్రోల్ సంగతి? ఇప్పుడు అన్ని పంపులల్ల ఇథనాల్ 20 శాతం అంటున్రు కద

స్పానర్_సత్తన్న
ఆ కాలం బండ్లు 10 శాతం దాక అనుకోని చేసినయ్. ఇథనాల్ నీళ్లు గుంజుకుంటది. వారానికొకపారి తీసే బండిల ట్యాంకు నింపి నెలలు నెలలు ఉంచొద్దు. కొనంగనే ఫ్యూయల్ పైపులు, సీళ్లు చూపించు. అట్లనే టైరు పక్కన నాలుగంకెలు చదువు, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. గాడి నిండుగ ఉన్నా ఎనిమిదేండ్ల రబ్బరు రాయి లెక్క అయితది.

వడ్డేపల్లి_వాడు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్న. మూడు బండ్ల ముచ్చట చెప్త.

ఆర్8: స్కానర్ తోటి మనిషిని తీస్కపోయిన. ఓనరు ముందుగాల సరే అన్నడు, తీరా ప్లగ్గు పెట్టేటప్పుడు ఒద్దన్నడు. గంతే, ఎనుకకు మర్రిన. బండి మాత్రం ఎంత సక్కగుందో. ఆ సప్పుడు ఇంకా చెవులల్లనే ఉన్నది.

911: కాకా లెక్క ప్రకారం ట్యాక్స్, రెన్యువల్ కలిపి రాసుకుంటే చవక అన్న మాటే పోయింది. అయినా మా బామ్మర్ది ఢిల్లీలనే ఉంటడు, పోయి చూసిండు. నడక వేగంల రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు తన్నుతున్నదట, నాలుగైదు సార్లు చేసి చూసిండు. నూనె బిల్లు లేదు. పీడీకే చెడ్డదని అంట లేను, ఆ బండి ఒద్దు.

కేమన్: రైల్లనే బెంగళూరు పోయిన. ఓవర్ రెవ్ చిట్టా తీయించిన. ఒకటి, రెండు, మూడు మెట్లల్ల అంకెలున్నయ్, నాలుగు నుంచి ఆరు దాక సున్న. క్లచ్ 30 వేల కాడ మార్చిన బిల్లున్నది. టైర్లు 2016వి, మార్చాల్సిందే, దానికి ధర తగ్గించిండు. రోడ్డు మీద తీస్కపోతే మూడో గేరు పడ్డప్పుడు చేతికి తెలిసింది, ఏదో మెత్తగ తాళం పడ్డట్టు. ఇంకేం చెప్పాలె.

మా ఆమెను అడిగిన. "నేర్పిస్తనంటే ఎందుకు ఒద్దంట, నువ్వే ఎన్నడు అడగలే" అన్నది. ఎనిమిది రోజుల సంది మా తమ్ముని పాత స్విఫ్ట్‌ల నేర్చుకుంటున్నది. ఎత్తు మీద ఆపి లేపుడు ఒక్కటే ఇంకా రాలే.

అడ్వాన్స్ ఇచ్చిన. ఎన్‌ఓసీకి పెట్టిన్రు. బాపుకు ఫోన్ల వీడియో చూపెట్టిన, నేను గేర్లు ఏసేది. అంత చూసి, "రెండోదాంట్ల ఉరుకులాడుతున్నవ్, జర ఆగి ఎయ్యి" అన్నడు.

సుబేదారి_డాక్టరమ్మ
ఎత్తు మీద లేపుడుకు హ్యాండ్‌బ్రేక్ తోటి నేర్పున్రి. బ్రేకు మీది నుంచి కాలు తీసే భయం పోతది. రెండు రోజులల్ల వస్తది.

మూడో_గేర్
బాపును ముందు సీట్ల కూసోబెట్టి పరకాల దాక తీస్కపోవాలె అన్నా. ఫోటో పెట్టు.

గోదావరిఖని_గేర్
వడ్డేపల్లిల మీ గేటు ముందట వాలు ఎట్లున్నది? మోరి మీద బండ ఎత్తుగుంటే ముందు బంపర్ కింద గీరుకుంటది. బండి రాకముందే చూస్కో.

వడ్డేపల్లి_వాడు
నిన్ననే కొలిచిన. మోరి బండ ఎత్తే. మేస్త్రీని పిలిచిన, మూడు ఫీట్ల ముందుకు వాలు గుంజి కాంక్రీటు పోస్తడట.

కాగితాల_కాకా
ఫారం 28 రాంగనే ఛాసిస్ నంబరు ఆర్సీ తోటి అక్షరం అక్షరం సరిచూడు. ఒక్క అంకె తప్పున్నా మళ్ల బెంగళూరే పోవాలె. అది సరిపోయినంకనే మిగిలిన పైసలియ్యి.